ఎన్నారై సందేహాలు: డాక్టరుకు చెబితే ఇంట్లో తెలుస్తుందా?

సందేహం: మాది గాజువాక. ఎమ్మెస్‌కి అమెరికా వెళ్తున్నాను. నేను గే. ఇంట్లో ఎవరికీ తెలియదు. అక్కడ డాక్టరు దగ్గరికి వెళ్తే ఆ కాగితాలు నాన్నగారికి వస్తాయా? హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకుంటే వీసాకు ఇబ్బందా? నాతో వస్తున్న స్నేహితురాలు ట్రాన్స్ మహిళ. తన మందుల సంగతేమిటి?

జవాబు: ముందు వీసా సంగతి. హెచ్‌ఐవీ ఉన్నవారిని అమెరికాలోకి రానివ్వని నిబంధన 2010 జనవరి 4న రద్దయింది. పరీక్ష చేయించుకోవడం గానీ, పాజిటివ్ రావడం గానీ, మందులు వాడటం గానీ ఎఫ్‌-1 (విద్యార్థి వీసా) హోదాకు అడ్డు కాదు. పాజిటివ్ వస్తే రాష్ట్ర ఆరోగ్య శాఖకు తెలియజేయాలన్న నియమం ఉంది. అది వైద్యం కోసం పెట్టినది, వీసాతో దానికి సంబంధం లేదు.

ఇక నాన్నగారి సంగతి. యూనివర్సిటీ ఇన్సూరెన్స్ ప్లాన్ మీ పేరు మీదే ఉంటుంది కాబట్టి గాజువాకకు ఏ కాగితమూ రాదు. చిక్కు అక్కడి అడ్రసుతోనే. డాక్టరు దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ ఇన్సూరెన్స్ కంపెనీ ‘ఎక్స్‌ప్లనేషన్ ఆఫ్ బెనిఫిట్స్’ అనే కాగితం పంపుతుంది. ఏ తేదీన, ఏ డాక్టరు, ఏ పరీక్ష అన్నీ అందులో ఉంటాయి. దిగిన కొత్తలో మనవాళ్లు సీనియర్ల ఇంటి అడ్రసే ఇస్తారు, నలుగురైదుగురికి ఒకటే పోస్టుబాక్సు. అందుకే కార్డు చేతికి రాగానే కంపెనీ వెబ్‌సైటులో ఖాతా తెరిచి, ఉత్తరాలు ఆపి ఈమెయిలుకు మార్చుకోండి. క్లినిక్‌లో కూడా వాయిస్ మెసేజ్ పెట్టవద్దని, పోర్టల్‌లోనే రాయమని చెప్పండి.

భర్త లేదా భార్య హెచ్‌-1బీ ఉద్యోగం ఇన్సూరెన్స్ ప్లాన్ మీద ఉన్నవారికి ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే ఆ కాగితం ప్లాన్ యజమాని పేరున వెళ్తుంది. కార్డు వెనకున్న నంబరుకు ఫోన్ చేసి ‘కాన్ఫిడెన్షియల్ కమ్యూనికేషన్ రిక్వెస్ట్’ కావాలనండి. వివరాలు బయటపడితే మీకు ప్రమాదమని చెబితే, వేరే అడ్రసుకో ఈమెయిలుకో పంపమన్న సబబైన కోరికను కంపెనీ ఒప్పుకోవాలని అమెరికా వైద్య గోప్యతా చట్టం ‘హిపా’ నిబంధనలు చెబుతున్నాయి. అదైనా వద్దనుకుంటే కౌంటీ ఆరోగ్య శాఖ క్లినిక్కుల్లో ఇన్సూరెన్స్ వాడకుండా ఉచితంగానో, ఆదాయాన్ని బట్టో పరీక్షలు చేస్తారు.

ప్లాన్ ఎంచుకునేటప్పుడే చాలామంది దెబ్బతింటున్నారు. ద్వారకానగర్ ఏజెంట్లు అమ్మే చవక విదేశీ విద్యార్థి పాలసీ చూపించి యూనివర్సిటీ ప్లాన్ వద్దనుకుంటారు. ఇలాంటి పాలసీలు చాలావాటిలో పాత జబ్బులు, హెచ్‌ఐవీ, మానసిక వైద్యం ఉండవు. ‘ఎక్స్‌క్లూజన్స్’ పేజీ చదవకుండా డబ్బు కట్టకండి.

ఇక మన సమాజంలో ఎక్కువ హాని చేసేది, గే అని డాక్టరు దగ్గర చెప్పకపోవడం. అమెరికాలో ఏటా కొత్తగా హెచ్‌ఐవీ బయటపడేవారిలో దాదాపు మూడింట రెండు వంతుల మంది గే, బైసెక్సువల్ పురుషులే. మందులు లేక కాదు. భయంతో వెళ్లరు, వెళ్లినా చెప్పరు, చెప్పకపోతే వేరే పరీక్ష చేస్తారు. గనేరియా, క్లమీడియాలకు మూత్ర పరీక్ష ఒక్కటే చేస్తే గొంతులో, మలద్వారంలో ఉన్న ఇన్‌ఫెక్షన్ దొరకదు. అక్కడుంటే చాలాసార్లు ఏ బాధా ఉండదు కూడా. కాబట్టి ‘త్రీ సైట్ టెస్టింగ్’ అని అడగండి. మూత్రం, గొంతు స్వాబ్, మలద్వారం స్వాబ్, వాటితోపాటు సిఫిలిస్, హెచ్‌ఐవీ రక్తపరీక్ష. తెలుగు డాక్టరు దగ్గర చెప్పడం కష్టమనిపిస్తే వేరే డాక్టరును పెట్టుకోండి, అందులో తప్పేమీ లేదు. మీవారెవరికైనా తెలుగు అనువాదం కావాల్సి వస్తే స్నేహితుణ్ని తీసుకెళ్లకుండా ఫోన్ ఇంటర్‌ప్రెటర్‌ను అడగమనండి. ఆసుపత్రులు దాన్ని ఉచితంగా ఇస్తాయి.

హెచ్‌ఐవీ రాకుండా వాడే ప్రెప్ మాత్ర 2012 నుంచి అక్కడ ఉంది. మొదలుపెట్టే ముందు హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు) చూస్తారు, ఆ తర్వాత మూడు నెలలకోసారి పరీక్షలు. హెపటైటిస్ బీ ఉన్నవారు ఈ మాత్ర హఠాత్తుగా ఆపితే కాలేయం దెబ్బతినవచ్చు, ఆ పరీక్ష అందుకే. ఒబామాకేర్ కిందికొచ్చే ప్లాన్లలో మందుకూ, దానికి సంబంధించిన పరీక్షలకూ మీ చేతినుంచి డబ్బు పడకూడదు. అయినా ల్యాబ్ బిల్లు వస్తుంటుంది, కారణం చాలాసార్లు కోడ్ తప్పు. వెంటనే కట్టేయకుండా, జెడ్‌29.81 కోడ్‌తో మళ్లీ పంపమని బిల్లింగ్ వాళ్లను అడగండి.

ప్రెప్ లేకుండా హెచ్‌ఐవీ సోకే అవకాశమున్న కలయిక జరిగితే, తర్వాత వాడే పెప్ మందులు ఉన్నాయి. 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. ఆలస్యమైన ప్రతి గంటకూ పని తగ్గుతుంది. తెల్లారాక అపాయింట్‌మెంట్ తీసుకుందాం అనుకోవద్దు. రాత్రయినా ఎమర్జెన్సీకి వెళ్లండి.

విశాఖలో ఉండగానే చేయాల్సినవి కొన్ని. కేజీహెచ్‌ ఐసీటీసీలో (కౌన్సెలింగ్, పరీక్షా కేంద్రం) హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం. మీ అనుమతి లేకుండా ఫలితం బయటపెట్టకూడదని 2017 చట్టం చెబుతోంది. హెపటైటిస్ బీ టీకా 0, 1, 6 నెలలకు మూడు డోసులు. మొదటి రెండూ ఇక్కడ వేయించుకుని, కార్డు పట్టుకెళితే మూడోది అక్కడ వేస్తారు. హెచ్‌పీవీ టీకా కూడా అడగండి. ఎంపాక్స్ (మంకీపాక్స్) టీకా అక్కడ 28 రోజుల తేడాతో రెండు డోసులుగా ఇస్తారు. ఇప్పటికే హెచ్‌ఐవీ మందులు వాడేవారు ఏఆర్‌టీ సెంటర్ నుంచి మందుల పేర్లు, చివరి వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత), సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) రాసిన కాగితం తీసుకోవాలి, వీలైతే మూడు నెలల మందులు కూడా. అమెరికాలో దిగిన వారంలోనే హెచ్‌ఐవీ ఉన్నవారికి వైద్యసాయం చేసే ‘రయన్ వైట్’ ప్రభుత్వ కార్యక్రమం క్లినిక్‌కు ఫోన్ చేయాలి. నివాసం, ఆదాయం కాగితాలు చూసి పేరు నమోదు చేసేసరికి వారాలు పడుతుంది. డబ్బాలో పది మాత్రలు మిగిలాక మొదలుపెడితే మధ్యలో మందు ఆగిపోతుంది.

మీ స్నేహితురాలికి. ఇండియాలో రాసే పురుష హార్మోన్‌ను అణచే సైప్రొటెరోన్ మందుకు అమెరికాలో అనుమతి లేదు. అక్కడ సాధారణంగా స్పైరొనొలాక్టోన్‌కు మారుస్తారు, పొటాషియం పరీక్ష తప్పనిసరి. తను వాడేది ఎథినైల్ ఈస్ట్రడయాల్ ఉన్న గర్భనిరోధక మాత్ర అయితే ప్రయాణానికి ముందే డాక్టరును కలవాలి. దానితో రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువ, దానికి ఇంత దూరం విమాన ప్రయాణం తోడవుతుంది. మందులు అసలు డబ్బాల్లోనే, 90 రోజులకు మించకుండా, డాక్టరు లేఖతో పట్టుకెళ్లాలి. ఇన్సూరెన్స్‌లో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండనిచ్చి, పిలవాల్సిన పేరు క్లినిక్ రికార్డులో రాయించుకోమనండి. ట్రాన్స్ పురుషులకైతే టెస్టోస్టెరోన్ అక్కడ కట్టుదిట్టమైన షెడ్యూల్ మందు, ప్రిస్క్రిప్షన్ లేకుండా దొరకదు. గర్భాశయ ముఖద్వారం ఉన్నంతకాలం పాప్ పరీక్ష (అక్కడి క్యాన్సర్ ముందే పట్టేది) కావాలి. రికార్డులో పురుషుడని ఉంటే క్లెయిమ్ తిరస్కరించవచ్చు, అప్పుడు అప్పీలు చేయాలి.

బ్రిటన్ వెళ్లేవారికి చాలా తేలిక. ఎన్‌హెచ్‌ఎస్‌ సెక్సువల్ హెల్త్ క్లినిక్‌కు నేరుగా వెళ్లొచ్చు, పరీక్షలూ ప్రెప్ ఉచితం. ట్రాన్స్ వైద్యానికి మాత్రం ఏళ్ల తరబడి వెయిటింగ్, కాబట్టి చేరగానే జీపీ (ఫ్యామిలీ డాక్టరు) చేత రిఫరల్ రాయించాలి.

మనసు బాగోలేకపోతే యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్‌కు వెళ్లండి. ప్రాణానికి ముప్పు ఉందనుకుంటే తప్ప, మీరు చెప్పింది వారు ఇంట్లోవాళ్లకు చెప్పరు. ఇక్కడ ఎవరైనా ‘మార్చేస్తాం’ అంటూ వైద్యం చేయబోతే, 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ దాన్ని వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించిందని గుర్తుంచుకోండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే అమెరికాలో 988, విశాఖలో ఉండగా టెలీమానస్ 14416. రెండూ ఏ వేళైనా పలుకుతాయి. 14416లో తెలుగులోనే మాట్లాడొచ్చు.