సర్వర్ కొనేముందు మీ సీజన్ డేటాతో ఒకసారి నడిపి చూడండి

"మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మామూలు రోజుల్లో బాగానే ఉంటుంది, సీజన్ రాగానే నత్తనడక నడుస్తుంది. చేసిచ్చిన కంపెనీవాళ్లు పెద్ద సర్వర్ కొనమంటున్నారు. కొంటే తీరుతుందా?" అని మీరు అడిగారు.

తీరదు. మీ సిస్టం చూడకుండానే ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, ఇదే సలహా విని డబ్బులు పోసినవాళ్లను వరంగల్‌లోనే చాలామందిని చూశాను. హైదరాబాద్ కంపెనీ ఒకదానికి హన్మకొండ ఇంటి నుంచే పెర్ఫార్మెన్స్ టెస్టింగ్ (సాఫ్ట్‌వేర్ రద్దీని తట్టుకుంటుందా అని చూసే పని) చేస్తుంటాను. ఈ ఊళ్లో ఎవరి కంప్యూటర్ మొరాయించినా ముందు నాకే ఫోన్ వస్తుంది.

మా బావకు ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి (రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే దుకాణం) ఉంది. మిర్చి సీజన్‌లో ఆ యార్డు చూసినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. పొద్దున జెండా పాట (వేలం) అయ్యి, ఒక్కో లాటుకు (ఒక రైతు తెచ్చిన సరుకుకు) ధర పలికి, కాంటాలు మొదలయ్యేసరికి ఎండ నడినెత్తికి వస్తుంది. ఇక అక్కడినుంచి తక్‌పట్టీల (తూకం, ధర, రావాల్సిన డబ్బు రాసిచ్చే చీటీల) కోసం రైతులంతా ఒకేసారి దుకాణం ముందు నిలబడతారు. ఆ రోజు నేను వెళ్లేసరికి గుమాస్తా ప్రింట్ బటన్ నొక్కి చేతులు కట్టుకుని కూర్చున్నాడు. స్క్రీన్ మీద చక్రం తిరుగుతూనే ఉంది. భూపాలపల్లి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన "బిడ్డా, పట్టీ ఎప్పుడస్తది? మా ఊరి బండి పోతాంది" అని అప్పటికే మూడోసారి అడుగుతున్నాడు. ఆ బండి పోతే ఆయన రాత్రికి యార్డులోనే పడుకోవాలి. సాఫ్ట్‌వేర్ స్లో అంటే నా దృష్టిలో అదీ. ఆఫీసు గ్రాఫులో గీత కొంచెం పైకి లేవడం కాదు.

మా బావ అప్పటికే కంపెనీ మాట విని ర్యామ్ రెట్టింపు చేయించాడు. తేడా రాలేదు. నేను ఫోన్ చేస్తే అవతల ఉన్న డెవలపర్ కుర్రాడు మర్యాదగానే మాట్లాడాడు. "అన్నా, మా దగ్గర ఫాస్ట్‌గానే వస్తోంది. స్లో క్వెరీ లాగ్ కూడా ఆన్ చేసి చూశాం, అందులో ఏమీ లేదు" అన్నాడు. నిజమే, లేదు. క్వెరీ అంటే ప్రోగ్రాం డేటాబేస్‌ను అడిగే ఒక ప్రశ్న, ఆలస్యమైన ప్రశ్నలను రాసిపెట్టేదే ఆ లాగ్. వాళ్లు వాడే మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో ఆ లాగ్ ఆన్ చేసినా, సెట్టింగ్ మార్చకపోతే 10 సెకన్లు దాటిన క్వెరీలనే రాస్తుంది. ఇక్కడ ఒక్క క్వెరీ కూడా అర సెకను దాటడం లేదు. కానీ ఒక తక్‌పట్టీ తెరిస్తే ఎన్ని క్వెరీలు పోతున్నాయో చూస్తే అసలు సంగతి బయటపడింది. రైతు 60 బస్తాలు తెస్తే, ఆ 60 తూకాలను ఒక్కొక్కటిగా 60 సార్లు డేటాబేస్‌ను అడుగుతోంది. అడిగిన ప్రతిసారీ, పాత సీజన్ల తూకాలతో సహా లక్షల వరుసలున్న టేబుల్‌ను మొదటి నుంచి చివరిదాకా వెతుకుతోంది. లాటు నంబరు మీద ఇండెక్స్ (పుస్తకం చివర ఉండే పదసూచిక లాంటిది) లేదు. ఒక్కోదానికి 0.4 సెకన్లు వేసుకున్నా 24 సెకన్లు. అదీ ఒక్కరే ఉన్నప్పుడు. ముగ్గురు గుమాస్తాలు ఒకేసారి నొక్కితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

కంపెనీవాళ్లు టెస్ట్ చేసిన డేటా కూడా తెప్పించుకుని చూశాను. "టెస్ట్ రైతు 1", "టెస్ట్ రైతు 2" అని పేర్లు. ఒక్కొక్కరికి రెండేసి బస్తాలు. మిర్చి రెండు బస్తాలు తెచ్చే రైతు కోసం ఎవరైనా సాఫ్ట్‌వేర్ కొంటారా? ఆ డేటా మీద ఏ ప్రోగ్రాం అయినా ఫాస్ట్‌గానే కనిపిస్తుంది.

ఇండెక్స్ పెట్టించి, 60 క్వెరీలను ఒక్కటిగా మార్పిస్తే తక్‌పట్టీ సెకను లోపే రావడం మొదలైంది. సర్వర్ అదే, ర్యామ్ అదే. లెక్క కూడా సులువే. 10 లక్షల వరుసల్లో ఒకటి వెతకాలంటే ఇండెక్స్ లేకపోతే 10 లక్షలూ చూడాలి. వరుసక్రమంలో పెట్టి ఉంటే సగానికి సగం కోసుకుంటూ పోతే 20 పోలికల్లో దొరుకుతుంది. సర్వర్‌కు ఎంత డబ్బు పెట్టినా ఈ తేడా కొనలేరు.

ఇంకో మాట. కంపెనీవాళ్లు ఇచ్చే రిపోర్టులో "సగటు రెస్పాన్స్ 2 సెకన్లు" లాంటి లైను ఉంటే దాన్ని పక్కన పడేయండి. పొద్దున ఖాళీగా ఉన్న గంటలన్నీ ఆ సగటులో కలిసిపోతాయి. మీకు కావాల్సింది కాంటాలయ్యాక ఆ రెండు గంటల లెక్క. రద్దీ పెరిగేకొద్దీ ఆలస్యం అదే లెక్కన పెరగదు, ఉన్నట్టుండి ఎగబాకుతుంది. పనులు ఎప్పుడు పడితే అప్పుడు వచ్చి పడే మామూలు క్యూ తీసుకోండి. సర్వర్ సగం బిజీగా ఉంటే ఒక పని పూర్తవడానికి అసలు పట్టాల్సిన టైముకు రెట్టింపు పడుతుంది. 90 శాతం బిజీ అయితే పది రెట్లు. అందుకే డిసెంబరులో బాగున్నది మార్చిలో కూలబడుతుంది. "మొన్నటిదాకా బాగానే ఉంది కదా, మీరే ఏదో చేసుంటారు" అని గుమాస్తా మీద తోసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

స్లో అవడం ఒక్కటే అయితే ఫర్వాలేదు, అది లెక్కల్ని కూడా పాడుచేస్తుంది. చక్రం తిరుగుతుంటే మనిషి ఏం చేస్తాడు? మళ్లీ నొక్కుతాడు. అదే మార్కెట్‌లో ఇంకో దుకాణంలో ఒకే లాటుకు రెండు నంబర్లతో రెండు తక్‌పట్టీలు వచ్చాయి. సాయంత్రం నగదు లెక్క కుదరక గుమాస్తా మీద అనుమానం పడింది. పాపం అతని తప్పేముంది? ఒక లాటుకు ఒకటే తక్‌పట్టీ అని డేటాబేస్‌లోనే నిబంధన పెడితే, పదిసార్లు నొక్కినా రెండోది పుట్టదు. ఇది టెస్ట్ చేయడానికి పెద్ద టూల్స్ అక్కర్లేదు. ప్రింట్ నొక్కి, వెంటనే నెట్ కేబుల్ పీకి, మళ్లీ పెట్టి, ఇంకోసారి నొక్కండి. మధ్యలో కరెంట్ ఆపి చూడండి. మన దగ్గర ఎండాకాలంలో అది ఎలాగూ పోతుంది, మనమే ముందు ఆపి చూస్తే నయం.

కానీ ఈ పని చేసేదెవరు? కాలేజీల్లో గెస్ట్ లెక్చర్‌కు పిలిస్తే వెళ్తుంటాను. టెస్టింగ్ అనగానే పిల్లల మొహాలు వాడిపోతాయి. డెవలపర్ ఉద్యోగం రానివాళ్లకు ఇచ్చే పని అని వాళ్లకు ఎవరో ఎక్కించారు. కోచింగ్ సెంటర్లలో నేర్పేదీ ఏ టూల్‌లో ఏ బటన్ నొక్కాలనే. సాయంత్రం నాలుగింటికి ఆ దుకాణంలో ఏం జరుగుతుందో వెళ్లి చూసి రమ్మని ఎవరూ పంపరు. నన్నడిగితే మొదటి సెమిస్టర్ అంతా అదే పెట్టాలి.

"అప్పుడప్పుడు రీస్టార్ట్ చేస్తుండండి" అని మీకూ చెప్పే ఉంటారు. ఈ సలహాకు ప్రాణాలు పోయిన చరిత్ర ఉంది. 1991 ఫిబ్రవరి 25న గల్ఫ్ యుద్ధంలో సౌదీలోని దహ్రాన్ దగ్గర శత్రు క్షిపణులను గాల్లోనే కూల్చే అమెరికా పేట్రియట్ క్షిపణి వ్యవస్థ 100 గంటలకు పైగా ఆపకుండా నడుస్తోంది. మధ్యలో రీస్టార్ట్ చేయకపోవడంతో సమయం లెక్కలో చిన్న తేడా పేరుకుని పేరుకుని సెకనులో మూడో వంతు అయింది. దాంతో దూసుకొచ్చే ఇరాక్ స్కడ్ క్షిపణి కోసం ఆకాశంలో తప్పు చోట వెతికి, దాన్ని ఆపలేకపోయింది. 28 మంది అమెరికా సైనికులు చనిపోయారు. చాలాసేపు నడిపితే ఇబ్బంది రావచ్చని అంతకు కొద్ది రోజుల ముందే హెచ్చరిక వెళ్లింది, చాలాసేపంటే ఎన్ని గంటలో మాత్రం చెప్పలేదు. సరిచేసిన సాఫ్ట్‌వేర్ దహ్రాన్‌కు చేరింది మర్నాడు. మీ బిల్లింగ్‌కు ఎవరి ప్రాణమూ పోదు, ఒప్పుకుంటాను. కానీ ఎన్ని గంటలకు రీస్టార్ట్ చేయాలి, చేయకపోతే ఏది పాడవుతుంది అని అడగండి. జవాబు చెప్పలేకపోతే వాళ్లు దాన్ని వారం పాటు ఆపకుండా ఎప్పుడూ నడిపి చూడలేదన్నమాట.

మీరు చేయాల్సింది ఇది. పోయిన సీజన్ బ్యాకప్‌ను వేరే కంప్యూటర్‌లో ఎక్కించమనండి. బ్యాకప్ అసలు తెరుచుకుంటుందో లేదో కూడా అప్పుడే తేలిపోతుంది. మీ దగ్గర ఎంతమంది బిల్లు కొడతారో అంతమందిని ఒకేసారి కూర్చోబెట్టి, అన్నిటికన్నా పెద్ద బిల్లు తెరవమనండి. ఆ ఒక్క బిల్లుకు ఎన్ని క్వెరీలు పోయాయో లెక్క రాయించి తీసుకోండి. ఆ కాగితం మీ చేతికి వచ్చేదాకా సర్వర్ కొటేషన్ మీద సంతకం పెట్టకండి.