ఆస్టియోపతీ చేయిస్తే కాళ్ళలో రక్త ప్రసరణ పెరుగుతుందా?

వరంగల్‌లో ఉన్న మీ అమ్మగారికి ఎడమ కాలు వాస్తోంది, పిక్క లాగుతోంది, ఇంటికొచ్చి ఆస్టియోపతీ (కండరాలను, కీళ్ళను చేతులతో నొక్కి, కదిలించి చేసే వైద్యం) చేసే ఆయనతో నొక్కిస్తే రక్త ప్రసరణ పెరుగుతుందా అని అడిగారు. ఒక్క కాలే అన్నారు కాబట్టి ముందు ఈ మాట చెప్తాను: డాప్లర్ స్కాన్ (సిరల్లో రక్తం గడ్డకట్టిందేమో చూసే స్కాన్) అయ్యేదాకా ఆ కాలిని ఎవరితోనూ నొక్కించకండి.

నేను డాలస్‌లో ఉంటాను. రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగం, సాయంత్రానికి రెండు కాళ్ళూ బరువెక్కేవి. అమెరికాలో డి.ఓ.లు, అంటే ఆస్టియోపతీ వైద్యం చదివినవాళ్ళు, ఎం.డి.ల లాగే పూర్తి స్థాయి డాక్టర్లు, మందులు రాస్తారు, స్కాన్లు చేయిస్తారు. మా డి.ఓ. పక్కటెముకల అంచున, తొడ వెనక కండరాల మీద చేతులు వేసి మెల్లగా బిగువు వదిలించేవారు. చివర్లో పాదాలు పట్టుకుని లయగా ఊపేవారు. ఆ పూట కాళ్ళు నిజంగా తేలికయ్యేవి. మర్నాటి సాయంత్రానికి మళ్ళీ మామూలే.

ఎందుకో మా డాక్టరమ్మే చెప్పారు. కాళ్ళలోని రక్తం పైకి ఎక్కాలంటే పిక్క కండరాలు, ఊపిరి సాయం చేయాలి. అడుగు వేసినప్పుడల్లా పిక్క బిగిసి లోపలి సిరలను పిండుతుంది, వాటిలోని కవాటాలు రక్తాన్ని మళ్ళీ కిందికి జారనివ్వవు. ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో ఒత్తిడి తగ్గి రక్తం అటు లాగబడుతుంది. చేతులతో చేసేది ఈ రెండింటికీ కాసేపటి సాయం. కుక్కల మీద చేసిన ప్రయోగాల్లో కూడా, పొట్టను లయగా నొక్కుతున్నంతసేపు లింఫ్ (కణజాలాల నుంచి తిరిగి రక్తంలోకి చేరే ద్రవం) ప్రవాహం పెరిగింది, ఆపాక తగ్గింది. కొవ్వు పేరుకున్న ధమని మాత్రం చేతులతో తెరుచుకోదు. 1874లో ఈ వైద్యాన్ని ప్రకటించిన ఆండ్రూ టేలర్ స్టిల్ ధమనుల్లో రక్తం సాఫీగా పారడమే ఆరోగ్యానికి మూలమని నమ్మారు. మా డాక్టరు ఆ మాటను అంత దూరం తీసుకెళ్ళరు.

రెండేళ్ళ క్రితం హైదరాబాద్ నుంచి తిరిగొచ్చిన నాలుగో రోజు నా కుడి పిక్క గట్టిపడి వేడెక్కింది. ప్రయాణం బడలిక అనుకుని, ఓసారి నొక్కితే పోతుందని ఆవిడ దగ్గరికే వెళ్ళాను. ఆవిడ టేపు తీసి రెండు పిక్కలూ కొలిచారు. కుడిది 3 సెంటీమీటర్ల పైనే ఎక్కువ ఉంది. "ఈ రోజు నేను చెయ్యి వెయ్యను" అని నన్ను అటు నుంచి అటే స్కాన్‌కి పంపారు. లోపలి సిరలో రక్తపు గడ్డ! నొక్కితే అది విడిపోయి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి ఉండొచ్చట. 3 నెలలు రక్తం గడ్డకట్టకుండా మందులు వాడాను. నొక్కమని నేనే అడిగానే అని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

అందుకే అమ్మగారిని ఇవాళే ఫిజీషియన్‌కి చూపించండి. ఆయాసం గానీ ఛాతీ నొప్పి గానీ ఉంటే అపాయింట్‌మెంట్ కోసం చూడొద్దు, 108కి ఫోన్ చేయండి. స్కాన్‌లో గడ్డ లేదని తేలి, డాక్టరు సరేనంటే అప్పుడు మెల్లగా నొక్కించుకోవచ్చు. దానితో పాటు రోజూ నడవాలి, మడమలు ఎత్తి దించాలి. మెడ విరిచే పద్ధతి మాత్రం వద్దనండి, అరుదుగానైనా మెడలోని ధమని చీలే ప్రమాదం ఉంది. రిపోర్టు రాగానే ఇక్కడ రాయండి, ఎదురుచూస్తుంటాను.