టెక్ ప్రమాదం జరిగిన తొలి రోజు వినిపించే తీర్పులను ఎంతవరకు నమ్మవచ్చు?

ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్న మీరు అడిగిన ప్రశ్న ఇది: పెద్ద సాంకేతిక వైఫల్యం ఏదైనా వార్తల్లోకి రాగానే, గంట తిరగకముందే వందల మంది అది ఫలానా వారి చేతకానితనమని తేల్చేస్తున్నారు, రేపు ఇదే రంగంలో అడుగుపెట్టబోయేవారు ఆ మాటలను ఎంతవరకు పట్టించుకోవాలి? హైదరాబాదులో చాలా ఏళ్లుగా సర్వర్ల నిర్వహణ, ఉద్యోగుల కంప్యూటర్ల నిర్వహణ చూస్తున్నవాడిగా సూటిగానే చెబుతాను. తప్పు చేసిన మనిషి కోసం వెతికే అభిప్రాయాలను వదిలేయండి. ఆ తప్పు అంత దూరం ఎలా పాకగలిగిందని నిలదీసే అభిప్రాయాలను మాత్రం, అవి ఎంత కోపంగా ఉన్నా సరే, చివరిదాకా చదవండి. 2024 జులై 19న జరిగిన క్రౌడ్‌స్ట్రైక్ ఘటనను ఉదాహరణగా తీసుకుంటాను. ఆ రోజు నేను ఆ పనిలోనే ఉన్నాను, ఆ తర్వాత సంస్థ విడుదల చేసిన నివేదికలను కూడా పూర్తిగా చదివాను.

క్రౌడ్‌స్ట్రైక్ అమెరికాకు చెందిన సైబర్ భద్రతా సంస్థ. దాని ఫాల్కన్ సాఫ్ట్‌వేర్‌ను బ్యాంకులు, విమానయాన సంస్థలు, ఆసుపత్రులు తమ కంప్యూటర్లలో పెట్టుకుంటాయి. ఆ శుక్రవారం మన సమయం ప్రకారం ఉదయం 9.39కి విండోస్ యంత్రాలకు ఒక చిన్న అప్‌డేట్ వెళ్లింది, 10.57కి సంస్థ దానిని వెనక్కి తీసుకుంది. మధ్యలోని 78 నిమిషాల్లో దానిని అందుకున్న యంత్రాలు కూలిపోయాయని తెలిపే బ్లూ స్క్రీన్ చూపించి, మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అవుతూ ఉండిపోయాయి. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం వాటి సంఖ్య 85 లక్షలు. మొత్తం విండోస్ యంత్రాల్లో ఇది ఒక శాతానికి కూడా చేరదు. అయినా అవి ఉన్న చోట్లు అలాంటివి. అమెరికాలోనూ జర్మనీలోనూ కొన్ని ఆసుపత్రులు అత్యవసరం కాని శస్త్రచికిత్సలను వాయిదా వేశాయి. డెల్టా విమానయాన సంస్థ ఐదు రోజుల్లో సుమారు 7,000 విమానాలను రద్దు చేసింది. హైదరాబాదు నుంచి కోల్‌కతా వెళ్లే ప్రయాణికుడికి ఇండిగో సిబ్బంది చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో ఆ రోజు దేశమంతా తిరిగింది.

మా కార్యాలయంలో ఆ రోజు పని ఎలా సాగిందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే తొలి రోజు తీర్పుల్లో ఈ భాగం దాదాపుగా కనిపించలేదు. మరమ్మతు వినడానికి చాలా సులువు: యంత్రాన్ని అత్యవసర భాగాలు మాత్రమే నడిచే సేఫ్ మోడ్‌లో తెరిచి, డ్రైవర్ల ఫోల్డర్‌లో క్రౌడ్‌స్ట్రైక్ పేరుతో ఉన్న చోటికి వెళ్లి, 291 అంకె ఉన్న ఫైలును తొలగించి, రీస్టార్ట్ చేయాలి. అయితే బూట్ కాని, అంటే పూర్తిగా తెరుచుకోని యంత్రానికి మా గదిలో కూర్చుని ఆదేశం పంపలేము కాబట్టి ప్రతి యంత్రం ముందూ ఒక మనిషి ఉండవలసిందే. మా ల్యాప్‌టాప్‌ల డిస్కులన్నీ విండోస్‌లోనే ఉండే బిట్‌లాకర్ అనే రక్షణతో లాక్ అయి ఉంటాయి. వాటిని తెరవాలంటే ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులుగా ఉండే 48 అంకెల రికవరీ కీ కావాలి. ఆ కీలు భద్రపరిచిన సర్వర్ కూడా విండోస్‌దే, దానిలోనూ ఫాల్కన్ ఉంది, అదీ పడిపోయింది. ముందు సర్వర్ గదిలో దానిని లేపుకుని, ఆ తర్వాతే కీలు బయటికి తీయగలిగాము.

ఇళ్ల నుంచి పనిచేసేవారికి ఆ అంకెలను ఫోనులో చదివి వినిపించాము. వరంగల్‌లో తన ఇంట్లో ఉన్న అకౌంట్స్ ఉద్యోగిని ఒకామె విన్న ప్రతి గుంపునూ తిరిగి చదువుతూ, "నాలుగోది తీసుకోవడం లేదు సర్, ఇంకొక్కసారి నెమ్మదిగా చెప్పండి" అంటుంటే, మా సహోద్యోగి తెర మీద వేలు పెట్టుకుని ఒక్కొక్క అంకే చదివాడు. కీ పూర్తయ్యాక ఆమె ఎన్నడూ చూడని నల్ల తెరలో కమాండ్ టైప్ చేయించాలి. అందులో ఎక్కడ ఖాళీ వదలాలో, ఏ గీత ఎటు వాలి ఉండాలో అక్షరం అక్షరం చెప్పాలి. ఆమె ఎంతో ఓపికగా అదంతా చేసింది. పదకొండు దాటాక ల్యాప్‌టాప్ తెరిచిన మధ్యాహ్నం షిఫ్టు వారికి మాత్రం ఏ ఇబ్బందీ రాలేదు, ఎందుకంటే ఆ 78 నిమిషాలూ వారి యంత్రాలు ఆపి ఉన్నాయి.

మేము ఇలా అంకెలు చదువుతున్న సమయానికే బయట తీర్పులు వెలువడ్డాయి. "క్రౌడ్‌స్ట్రైక్‌లో ఈ రోజే చేరాను, చిన్న అప్‌డేట్ పంపాను, మధ్యాహ్నం సెలవు తీసుకుంటున్నాను" అన్న అర్థం వచ్చే పోస్టు ఒక యువకుడి ఫొటోతో లక్షల మందికి చేరింది. అది బెల్జియంకు చెందిన ఒక వ్యంగ్య రచయిత మార్ఫింగ్ చేసిన ఫొటోతో పెట్టిన పోస్టు, అయినా మా బంధువుల వాట్సాప్ గ్రూపుల్లో అది నిజమైన వార్తగానే తిరిగింది. ఇంకొకరు క్రాష్ వివరాల తెరచిత్రం (స్క్రీన్‌షాట్) ఒకటి చూపించి, ఇది సి ప్లస్ ప్లస్ భాషలో కోడ్ రాయడం రాని ప్రోగ్రామర్ వదిలేసిన నల్ పాయింటర్ (మెమరీలో ఏ చోటునూ చూపని సూచిక) అని ఎంతో నమ్మకంగా వివరించారు. ఆ విశ్లేషణ తప్పని అనుభవజ్ఞులైన భద్రతా పరిశోధకులు వెంటనే చెప్పినా, వారి మాట అంత వేగంగా వ్యాపించలేదు. సౌత్‌వెస్ట్ సంస్థ విమానాలు ఆగకపోవడానికి అది ఇంకా 1990ల నాటి విండోస్ 3.1 వాడుతుండటమే కారణమన్న ఆధారం లేని మాటను కొన్ని వార్తా సైట్లు కూడా ఎత్తుకున్నాయి. వైవిధ్యం పేరుతో అర్హత లేనివారిని ఉద్యోగాల్లోకి తీసుకోవడం వల్లే ఇదంతా జరిగిందని రాసినవారు కూడా తక్కువేమీ లేరు. కారణం ఇంకా ఎవరికీ పూర్తిగా తెలియని సమయంలో ఒక వర్గం ప్రజలందరి మీదా నింద వేసిన ఆ మాటలను నేను క్షమించలేను.

ఆగస్టు 6న సంస్థ మూలకారణ నివేదికను విడుదల చేసింది. అందులోని విషయం ఆ తీర్పులన్నిటికంటే ఎంతో ఆలోచింపజేస్తుంది. దాడులను పసిగట్టే నియమాల కోసం 2024 ఫిబ్రవరిలో ఫాల్కన్‌లో ఒక కొత్త భాగాన్ని చేర్చారు. దాని నిర్వచనంలో 21 అంశాలు ఉన్నాయి, యంత్రంలో ఉండే కోడ్ మాత్రం 20 విలువలనే అందించేది. అంతకుముందు పంపిన నియమాలన్నింటిలో 21వ అంశానికి "ఏదైనా సరే" అన్న గుర్తు పెట్టి ఉండటంతో, లేని ఆ విలువను చూడవలసిన అవసరం కోడ్‌కు ఎన్నడూ రాలేదు. జులై 19న పంపిన నియమాల్లో ఒకటి మొట్టమొదటిసారిగా 21వ అంశాన్ని నిజంగా పోల్చమంది. కోడ్ తనకు కేటాయించిన మెమరీ హద్దు దాటి చదవబోయింది, ఆ కోడ్ నడిచేది ఆపరేటింగ్ సిస్టమ్ లోలోపలి పొర అయిన కెర్నల్‌లో కాబట్టి యంత్రం మొత్తం కూలిపోయింది. ఇప్పుడు దీనికి ఎవరిని బాధ్యులను చేస్తారు? అంశాల లెక్క సరిపోలిందా అని కోడ్‌ను కంపైల్ చేసే, అంటే యంత్రం నడపగలిగే రూపంలోకి మార్చే సమయంలో చూసే ఏర్పాటు లేదు. నడుస్తున్నప్పుడు హద్దు చూసే ఏర్పాటు లేదు. నియమాలను తనిఖీ చేసే సాఫ్ట్‌వేరే 21 విలువలూ వస్తాయని అనుకుని సరేనంది. పరీక్షలన్నీ "ఏదైనా సరే" గుర్తుతోనే జరిగాయి. అన్నింటికీ మించి, ఈ రకం అప్‌డేట్లు విడతలుగా కాకుండా ఒకేసారి అందరికీ వెళ్లేవి. అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి మనం ఒక్క మెతుకు పట్టి చూస్తాము; అక్కడ ఆ మెతుకు పట్టే ఏర్పాటే లేదు. మొదట కొన్ని వేల యంత్రాలకు పంపి కాసేపు ఆగి ఉంటే, 85 లక్షల యంత్రాల దాకా ఈ వ్యవహారం వచ్చేదే కాదు. ఫిబ్రవరి నుంచి జులై దాకా అన్ని వడపోతలనూ దాటుకుని వచ్చిన లోపాన్ని ఒక కొత్త ఉద్యోగి తల మీద పెట్టడం ఏ విధంగానూ న్యాయం కాదు.

మనిషిని వెతికే అలవాటు వల్ల జరిగే అసలు నష్టం ఆ రంగంలో పనిచేసేవారికి తెలుస్తుంది. నేను గతంలో పనిచేసిన ఒక కార్యాలయంలో సర్వర్ పడిపోయినప్పుడల్లా కాల్‌లోకి వచ్చిన పై అధికారి అడిగే మొదటి ప్రశ్న "ఎవరు చేశారు?" అన్నదే. దాని ఫలితం కొద్ది నెలల్లోనే కనిపించింది. మార్పులు చేసేవారు వాటిని నమోదు చేసే చేంజ్ టికెట్‌లో ఒక్క వాక్యానికి మించి రాయడం మానేశారు, అనుమానం కలిగినా ముందుగా నోరు విప్పడం మానేశారు, రాత్రి షిఫ్టులో ఏ కమాండ్ నడిచిందో తెల్లవారేసరికి ఎవరికీ గుర్తుండేది కాదు. అదే లోపం మళ్లీ వచ్చినప్పుడు మొదటి నుంచి వెతుక్కోవలసి వచ్చేది. దీనికి పూర్తి భిన్నంగా, 2017 జనవరి 31న, ప్రోగ్రామర్ల కోడ్‌ను ఆన్‌లైన్‌లో భద్రపరిచే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు వేరే సర్వర్ అనుకుని అసలు డేటాబేస్ నుంచే సుమారు 300 గిగాబైట్ల సమాచారాన్ని తొలగించినప్పుడు ఆ సంస్థ ప్రవర్తించిన తీరును నేను కొత్తగా చేరినవారందరికీ చెబుతుంటాను. రకరకాల బ్యాకప్ పద్ధతుల్లో ఏదీ సరిగ్గా పనిచేయడం లేదని వారు బహిరంగంగా ఒప్పుకున్నారు, పునరుద్ధరణ పనిని యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించారు, నివేదికలో ఆ ఇంజనీరు పేరు పెట్టకుండా జట్టు సభ్యుడు అని మాత్రమే రాశారు. దాదాపు ఆరు గంటల సమాచారం పోయినా, ఆ రోజు ఆన్‌లైన్‌లో వచ్చిన స్పందనల్లో సానుభూతి, సలహాలు పుష్కలంగా కనిపించాయి. సంస్థ నిజం చెప్పినప్పుడు జనం మాట్లాడే తీరు కూడా మారుతుందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

అలాగని తొలి రోజు కోపమంతా వృథా అని నేను అనను. క్రౌడ్‌స్ట్రైక్ విషయంలో అప్‌డేట్‌ను విడతలుగా ఎందుకు పంపలేదని అనేక మంది నిర్వాహకులు మొదటి గంటల నుంచే నిలదీశారు. తర్వాత సంస్థ తీసుకున్న ముఖ్యమైన దిద్దుబాట్లలో అదీ ఒకటి. అప్‌డేట్లు ఎప్పుడు అందుకోవాలో ఎంచుకునే అవకాశాన్ని వినియోగదారులకు కూడా ఇచ్చింది. సెప్టెంబర్ 24న అమెరికా ప్రతినిధుల సభ ఉపసంఘం ముందు సంస్థ ఉన్నతాధికారి ఆడమ్ మేయర్స్ క్షమాపణ చెప్పి, ఆ మార్పులను వివరించారు. భద్రతా సాఫ్ట్‌వేర్‌ను కెర్నల్‌లోకి రానివ్వాలా అన్న చర్చ కూడా విలువైనదే. ఆపిల్ 2019 నుంచే అలాంటి సాఫ్ట్‌వేర్‌ను కెర్నల్ బయటికి తరలించే ఏర్పాటు చేసింది. మైక్రోసాఫ్ట్ మాత్రం, ఇతర భద్రతా సంస్థలకూ తనతో సమానమైన ప్రవేశం ఇవ్వాలంటూ 2009లో ఐరోపా కమిషన్‌తో కుదిరిన ఒప్పందం వల్ల తాను అలా చేయలేకపోయానంది. ఆ వాదన నన్ను పూర్తిగా ఒప్పించలేదు; కెర్నల్‌లోకి అడుగుపెట్టనవసరం లేని మంచి మార్గాన్ని తనకూ ఇతరులకూ సమానంగా తయారు చేయడానికి ఆ ఒప్పందం అడ్డు కాదని నా అభిప్రాయం. రికవరీ కీలను అదే రకం యంత్రంలో, అదే సాఫ్ట్‌వేర్ కింద ఎందుకు దాచారని ఒక నిర్వాహకుడు చాలా కటువుగా అడిగిన ప్రశ్న చదివిన తర్వాతే మా బృందం కీల ప్రతిని వేరే చోట భద్రపరిచే ఏర్పాటు చేసుకుంది. ఆ మాటలోని కటుత్వం మాకు అడ్డు కాలేదు, ఎందుకంటే అది మనుషులను వదిలేసి ఏర్పాటును ప్రశ్నించింది.

కాబట్టి ఇలాంటి వార్త వచ్చినప్పుడు మాట్లాడేవారి హోదా కంటే వారు దేనిని చూసి మాట్లాడుతున్నారో గమనించండి. ఒక తెరచిత్రంతో మొత్తం కథ చెప్పేవారి కంటే, తన దగ్గర ఎన్ని యంత్రాలు ఏ సమయంలో పడ్డాయో, ఏవి పడలేదో రాసే నిర్వాహకుడి నాలుగు వాక్యాలు ఎక్కువ పనికొస్తాయి. రెండు మూడు వారాల తర్వాత సంస్థ నివేదిక వచ్చినప్పుడు దానిని తప్పక చదవండి. క్రౌడ్‌స్ట్రైక్ నివేదిక కొద్ది పేజీలే, ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠం చదివిన విద్యార్థికి బాగా అర్థమవుతుంది. ప్రాంగణ నియామకాల్లో చివర "మీరేమైనా అడుగుతారా?" అన్నప్పుడు, మీ దగ్గర ఇటీవల జరిగిన పెద్ద వైఫల్యం తర్వాత ఏమి మార్చారని అడగండి. ఏ తనిఖీని చేర్చారో, ఏ అప్‌డేట్‌ను విడతలుగా పంపడం మొదలుపెట్టారో వారు వివరంగా చెబితే ఆ బృందంలో నిశ్చింతగా చేరవచ్చు. బాధ్యుడిని తొలగించామని మాత్రమే చెబితే, ఇంకో ఆఫర్ చేతిలో ఉన్నట్లయితే దానివైపే మొగ్గు చూపండి.