నల్లరేగడిలో సున్నం కలిపితే దిమ్మిస (మట్టిని అణిచి గట్టిపరచడం) బాగా పడుతుందా?

పడుతుంది, కానీ సున్నం మట్టిని తానుగా అణచదు, రోలరు కింద అణిగేలా మారుస్తుంది అంతే. ఆదోని, ఆలూరు వైపు నల్లరేగడిలోని బంకరేణువులు నీరు పట్టి ఉబ్బుతాయి, ఎండితే బీటలిస్తాయి. సున్నంలోని కాల్షియం ఆ రేణువులను గుంపుకట్టిస్తుంది. జిగురు తగ్గి మట్టి పొడిపొడిగా అవుతుంది, రోలరుకు అంటుకోదు.

ఉదాహరణకు 100 కిలోల పొడి మట్టికి 4 కిలోల సున్నప్పొడి కలిపి, తడిపి, ఒకరోజు మాగనిచ్చి తొక్కిస్తారు (సరైన నిష్పత్తి మాత్రం ల్యాబులో తేల్చుకోవాల్సిందే).

సున్నంతో సాంద్రత పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి గరిష్ఠ పొడి సాంద్రత (బాగా అణిచినప్పుడు, తేమ లెక్కలోకి రాకుండా, మట్టికి వచ్చే అత్యధిక సాంద్రత) కొద్దిగా తగ్గుతుంది, అణచడానికి కావలసిన నీరు పెరుగుతుంది. పెరిగేది బలం, తగ్గేది ఉబ్బు. అందుకే సున్నం వేశామని రోలరు తిప్పడం తగ్గించకూడదు. బంకలేని ఎర్ర గరుసుకు సున్నం దండగ, అక్కడ సిమెంటు నయం.