పేదరాసి పెద్దమ్మ ఇంటి ముందు వెయ్యిమంది

అమ్మలూ,

ఉద్యోగం వచ్చిందని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు, తర్వాత నీ మెసేజ్ కూడా చూశాను. చాలా సంతోషంగా ఉంది. ఆన్‌లైన్ మల్టీప్లేయర్ ఆటకి క్వెస్టులు రాసే పని అంటే మన ఇళ్ళలో ఎవరికీ అర్థం కాదు గానీ నాకు తెలుసు అది ఎంత పనో. "బాబాయ్, మొదటి నెలలోనే ఒక ఊరికి పన్నెండు క్వెస్టులు చేయమన్నారు, కథలన్నీ రాసేశాను, అయినా టెన్షన్‌గా ఉంది" అన్నావు. కథలు ముందే రాసేశావు చూడు, దాని గురించే ఈ ఉత్తరం. కొంచెం పొడుగవుతుంది, ఆదివారం తీరిగ్గా చదువు.

చిన్నప్పుడు మీ నానమ్మ పక్కలో పడుకుని విన్న కథలు గుర్తున్నాయి కదా. రాకుమారుడు తిరిగి తిరిగి చీకటి పడేవేళకి పేదరాసి పెద్దమ్మ ఇల్లు చేరతాడు, ఆవిడ అన్నం పెట్టి ఆ ఊరికొచ్చిన కష్టం చెబుతుంది, తెల్లారగానే అతను ఏడు సముద్రాల అవతల మర్రిచెట్టు తొర్రలో ఉన్న చిలక కోసం బయల్దేరతాడు. క్వెస్ట్ అంటే అచ్చంగా ఇదే. కాకపోతే నీ ఆటలో ఆ పెద్దమ్మ ఇంటి ముందు ఒకేసారి వెయ్యిమంది రాకుమారులు నిలబడి ఉంటారు. చిలక ఒకటే. సగంమందికి పెద్దమ్మ మాట వినే ఓపిక లేదు, కొందరు ఇలాంటి చిలకని వేరే ఆటలో వందసార్లు పట్టుకుని వచ్చారు, ఇద్దరు స్నేహితులు కలిసి వెళ్దామనుకున్నారు గానీ ఒకడు ఆగలేక రాత్రే సగం దూరం వెళ్ళిపోయాడు. ఇంతమందిలో ప్రతి ఒక్కరికీ ఈ కథ తనదే అనిపించాలి.

ఇది ఊహించి చెప్పడం లేదు. 2019 ఆగస్టులో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆటని పాత రూపంలోనే మళ్ళీ తెచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్ మొదలైనప్పుడు, ఒకే ఒక్క శత్రువుని చంపాల్సిన క్వెస్టుల దగ్గర ఆడేవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే లైను కట్టి నిలబడ్డారు. ఒకరు చంపుతారు, వాడు మళ్ళీ పుట్టేదాకా అందరూ ఆగుతారు, తర్వాత రెండోవాళ్ళు, మన రైల్వే టికెట్ కౌంటర్ దగ్గరలాగే. ఆ ఫోటోలు చూసి అందరూ ముచ్చటపడ్డారు. ఎందుకంటే వాళ్ళు 2004 నాటి ఆట 2004లోలాగే కావాలని పట్టుబట్టి వచ్చినవాళ్ళు, ఆ ఇబ్బంది కూడా వాళ్ళు కోరుకున్నదే. అదే లైను మీ కొత్త ఆటలో మొదటి గంటలో కనిపిస్తే జనం ఆట తీసేసి వెళ్ళిపోతారు. అందుకే క్వెస్ట్ మంచిదా చెడ్డదా అని విడిగా అడగకు, వచ్చినవాడు ఏం అనుకుని వచ్చాడు అని అడుగు.

ఎవరూ ఖాళీ బుర్రతో రారు, తల్లీ. ఇదివరకు ఆడిన ఆటలన్నీ వెంటేసుకుని వస్తారు. 1999లో ఎవర్‌క్వెస్ట్ వచ్చినప్పుడు ఊళ్ళో పాత్రల దగ్గరికి వెళ్ళి, వాళ్ళ మాటల్లో పట్టుకోవాల్సిన పదం పట్టుకుని, దాన్ని మళ్ళీ టైప్ చేసి అడిగితేనే క్వెస్ట్ ముందుకు కదిలేది. పని ఎవరి దగ్గర ఉందో కూడా తెలిసేది కాదు. దాన్ని తప్పు అనుకున్నవాళ్ళు తక్కువ, ఆట అంటే అలాగే ఉంటుంది అనుకున్నారు, తెలిసింది ఒకరికొకరు చెప్పుకున్నారు. 2004లో వార్‌క్రాఫ్ట్ పాత్రల తల మీద పసుపు రంగు ఆశ్చర్యార్థకం పెట్టింది. 2009 చివర్లో వచ్చిన అప్‌డేట్‌తో క్వెస్ట్ ఎక్కడ జరుగుతుందో మ్యాప్ మీద కూడా చూపించడం మొదలైంది. ఆ తర్వాత వచ్చిన ఆటల్లో గుర్తు లేకపోతే జనం దాన్ని రహస్యం అనుకోరు, బగ్, అంటే ప్రోగ్రామ్‌లో తప్పు అనుకుంటారు.

ఇందులో నాకు మనసు పీకే సంగతి ఒకటుంది. పాత వార్‌క్రాఫ్ట్‌లో బ్యారెన్స్ అనే ప్రాంతంలో మాన్‌క్రిక్ అనే అతను, యుద్ధంలో తప్పిపోయిన భార్యని వెతికిపెట్టమంటాడు. ఎక్కడో సరిగ్గా చెప్పడు. రోజంతా చాట్‌లో ఒకటే ప్రశ్న: మాన్‌క్రిక్ భార్య ఎక్కడ? అడిగి అడిగి అది ఆ ఆట ఆడినవాళ్ళందరికీ ఉమ్మడి జ్ఞాపకం అయిపోయింది. దాన్ని చూసి, అయితే మనమూ దారి చెప్పకుండా వదిలేద్దాం, జనం మాట్లాడుకుంటారు అనుకునే డిజైనర్లు నాకు చాలామంది తగిలారు. ఇప్పుడు అలా జరగదు. రెండు నిమిషాలు చూసి ఫోన్‌లో వీడియో వెతుక్కుంటారు, లేదంటే మానేస్తారు. దాచాలని నీకు నిజంగా ఉంటే, దాచుతున్నానని ముందే చెప్పు. 2012లో వచ్చిన ది సీక్రెట్ వరల్డ్‌లో పరిశోధన మిషన్లని వేరే రకంగా, వేరే గుర్తుతో పెట్టారు. ఆట లోపలే బ్రౌజర్ ఇచ్చి, బయట వెతుక్కో అన్నారు. బుర్ర పగలగొట్టుకోవాలని ముందే తెలుసు కాబట్టి ఇష్టమైనవాళ్ళు ఇష్టంగా పగలగొట్టుకున్నారు, ఇష్టం లేనివాళ్ళు పక్క మిషన్‌కి వెళ్ళారు.

అదే ఏడాది గిల్డ్ వార్స్ 2 వచ్చింది. పాత్ర దగ్గర పని తీసుకుని, చేసి, తిరిగొచ్చి చెప్పడం అనే పద్ధతి వద్దనుకుని, లోకంలో సంఘటనలు వాటంతట అవే జరుగుతుంటాయి, దగ్గర్లో ఉన్నవాళ్ళు వెళ్ళి చేరొచ్చు అన్నారు. గొప్ప ఆలోచన. అయితే పరీక్ష దశలో, క్వెస్టులకి అలవాటుపడిన ప్లేయర్లు ఎటు వెళ్ళాలో తెలియక దిక్కులు చూశారు, దాంతో మ్యాప్ మీద గుండె గుర్తులు పెట్టాల్సి వచ్చింది. గుర్తు చూసి నడిచి వెళ్తే దారిలో అసలు సంఘటనలు ఎదురవుతాయి. నాకు ఆ పరిష్కారం చాలా నచ్చింది. పాత అలవాటుని తిట్టకుండా దాని చెయ్యి పట్టుకునే కొత్తదాని దగ్గరికి నడిపించారు.

ఇప్పుడు నీ పన్నెండు క్వెస్టుల దగ్గరికి వద్దాం. పన్నెండూ ఒకే కూడలిలో ఒకేసారి ఇవ్వకు. వార్‌క్రాఫ్ట్‌కి క్వెస్టులు చేసిన జెఫ్ కాప్లాన్ 2009 గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో ఇదే తప్పుకి క్రిస్మస్ చెట్టు అని పేరు పెట్టి చెప్పాడు. ఊళ్ళోకి రాగానే అన్ని తలల మీదా గుర్తులు మెరుస్తుంటే ఎవడూ ఏదీ చదవడు, వరసగా నొక్కుకుంటూ పోతాడు, ఎవరి కోసం ఏం చేస్తున్నాడో తెలియదు. తాను చేసిన ఒక క్వెస్టే ఆ ఆటలో అన్నిటికన్నా చెత్తది అని అక్కడే ఒప్పుకున్నాడు. స్ట్రాంగిల్‌థార్న్ అడవిలో చెదిరిపోయిన పుస్తకం పేజీలు ఏరడం దాని పని. ఏ శత్రువు దగ్గర ఏ పేజీ దొరుకుతుందో తెలియదు, వచ్చిందే మళ్ళీ వస్తుంది, సంచి మొత్తం కాగితాలతో నిండిపోతుంది. కాగితం మీద చూస్తే ఎంత అందమైన ఆలోచనో చూడు, పుస్తకం పేజీలు ఏరి కథ పూర్తి చేయడం! చేతిలోకి వచ్చేసరికి సంచి సర్దుకోవడమే పనైంది. ఇంకోటి, వాళ్ళకి ఒక్కో క్వెస్ట్ వివరణకి 511 అక్షరాలే హద్దు అట, అదే మంచిదైంది అన్నాడు ఆయన. నువ్వు పంపిన వాటిలో ఒక్కో ముసలాయన రెండు పేజీలు మాట్లాడుతున్నాడు. బాగా రాశావు, నిజంగానే చెబుతున్నా, కానీ అందులో మూడు వాక్యాలే ఉంచు. మిగతాది దారిలో చూపించు, కాలిపోయిన ఇల్లు, ఎండిపోయిన బావి, తాళం వేసిన గుడి. కళ్ళతో చూసింది చదవక్కర్లేదు.

లెక్కల గురించి కూడా చెప్పాలి, ఇది ఎవరూ చెప్పరు. నేను కొత్తలో ఒక చిన్న స్టూడియోలో పని చేసేటప్పుడు పది తోడేలు కోరలు తెమ్మని క్వెస్ట్ చేశాను. చంపిన తోడేలు దగ్గర కోర దొరికే అవకాశం 20 శాతం పెట్టాను. సగటున 50 తోడేళ్ళు, ఒక్కోదానికి అరనిమిషం, పాతిక నిమిషాల్లో అయిపోతుంది అనుకున్నాను. సగటు నిజమే. కానీ పదిమందిలో ఒకరికి 70 లేదా అంతకన్నా ఎక్కువ చంపితే గానీ పది కోరలు రావు, ఆ ఒక్కరే వెళ్ళి పదిమందికి చెబుతారు. ఒకమ్మాయి రాసిన ఫిర్యాదు ఇప్పటికీ గుర్తుంది: "మీ ఊరి తోడేళ్ళకి కోరలు ఉండవా అండీ?" తోడేలు కళ్ళముందు నోరు తెరిచి కోరలు చూపిస్తోంది, చంపితే కోర లేదంటోంది ఆట. ఆమె అడిగింది న్యాయమే. తర్వాత పన్నెండు తోడేళ్ళు, ప్రతిదానికీ కోర, చివర్లో గుంపు నాయకుడు, అంతే చేశాను, ఫిర్యాదులు ఆగిపోయాయి. తప్పదు, అదృష్టం మీద ఆధారపడే వస్తువే పెట్టాలి అంటే, రాని ప్రతిసారీ అవకాశం కొంచెం పెరిగేలా చేయమని మీ ప్రోగ్రామర్‌ని అడుగు. 5 శాతం అని తేలిగ్గా రాసేస్తాం, 60 సార్లు ప్రయత్నించినా నూటికి దాదాపు ఐదుగురికి అది దొరకదు.

వస్తువులు తెచ్చే క్వెస్టులన్నీ విసుగే అని మాత్రం అనుకోకు. రూన్‌స్కేప్‌లో 2001 నుంచీ ఉన్న వంటవాడి క్వెస్ట్ చూడు. కేకు చేయాలి, గుడ్డు, పాలు, పిండి తెమ్మంటాడు. మూడే వస్తువులు. ఆవు దగ్గర పాలు పితకాలి, కోళ్ళ దగ్గర గుడ్డు తీసుకోవాలి, గోధుమలు కోసి మర పైఅంతస్తుకి ఎక్కించి పోసి, కిందికి దిగి కుండలో పిండి పట్టుకోవాలి. ఆ మూడూ అయ్యేసరికి ఊరంతా తెలిసిపోతుంది, కొట్లాట ఒక్కటీ లేదు. అన్నిటికన్నా నాకు ముఖ్యమైంది, ఆ ఆవుని ఎంతమంది పితికినా పాలు వస్తాయి. నా పక్కకి ఇంకొకడు వస్తే నాకేం నష్టం లేదు. మొదట్లో వార్‌క్రాఫ్ట్‌లో ముందు ఎవరు దెబ్బ కొడితే వాళ్ళదే శత్రువు, ఎదురుగా ఇంకో మనిషి వస్తున్నాడంటే వీడు లాక్కుపోతాడేమో అని భయం. గిల్డ్ వార్స్ 2లో పోరాటంలో చెయ్యి వేసిన అందరికీ ఫలితం ఇచ్చారు, అప్పుడు అదే మనిషిని చూస్తే హమ్మయ్య తోడు వచ్చాడు అనిపిస్తుంది. నీ పన్నెండిట్లో ప్రతిదానికీ ఈ ప్రశ్న వేసి చూడు: పక్కన కొత్తవాడు కనిపిస్తే నా ప్లేయర్ సంతోషిస్తాడా, విసుక్కుంటాడా? విసుక్కునేవి ఎన్ని ఉన్నాయో నాకు రాయి.

స్నేహితుల సంగతి మరీ జాగ్రత్త. 2014లో ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్ మొదలైనప్పుడు, క్వెస్టులో నువ్వు చేసిన పనిని బట్టి ఊరే మారిపోయేది, చూడ్డానికి ఎంత బాగుండేదో. కానీ ఒకే క్వెస్టులో ముందూ వెనకా ఉన్న స్నేహితులు ఒకే చోట నిలబడి కూడా ఒకరికొకరు కనిపించని సందర్భాలు వచ్చాయి. కలిసి ఆడదామని కొన్న ఆటలో అలా జరిగితే ఎంత కడుపుమంటగా ఉంటుందో ఆలోచించు. నీ బావి క్వెస్టులో బావిలో నీళ్ళు వచ్చాక ఊరు పచ్చబడుతుంది అని రాశావు. పచ్చబడనీ, కానీ వెనకబడిన స్నేహితుడి కోసం అతని ఎండిన ఊళ్ళోకి మళ్ళీ వెళ్ళి సాయం చేసే దారి ఉంచు, సాయానికి కొంచెమైనా ఎక్స్‌పీ, అంటే అనుభవ పాయింట్లు, ఇవ్వు.

సమయం గురించి నాకు పాఠం నేర్పింది హైదరాబాద్ నెట్ సెంటర్. 2000ల మధ్యలో మేం రాగ్నరాక్ ఆన్‌లైన్ అక్కడే ఆడేవాళ్ళం, గంటకి ఇంత అని డబ్బులు. క్వెస్ట్ మధ్యలో ఉండగా కుర్రాడు వచ్చి "అన్నా, టైమ్ అయిపోయింది" అంటే, ఇంకో గంటకి డబ్బుల్లేక లేచిపోయిన రోజులు చాలా ఉన్నాయి. ఇప్పుడు నీ ప్లేయర్ మెట్రోలో అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీ వెళ్తూ ఆడతాడు, దిగాల్సిన స్టేషన్ వస్తుంది. లేచిపోతే ఏం పోతుందో ప్రతి క్వెస్ట్ పక్కనా రాసుకో. ఐదు కోరలు తెచ్చాక నెట్ పోతే ఆ ఐదూ ఉండాలి. చివరి పోరాటానికి అరగంట పడుతుందంటే తలుపు దగ్గరే చెప్పు, లోపలికి వెళ్ళాక కాదు.

ఆటల పరిశోధకుడు రిచర్డ్ బార్టిల్ ప్లేయర్లని, ఎవరు దేనికోసం ఆడతారో దాన్ని బట్టి, నాలుగు రకాలుగా చెప్పాడని, ఏ క్వెస్ట్ ఏ రకానికో పట్టిక వేశానని రాశావు. చదవడం మంచిదే, 1996 నాటి ఆ వ్యాసం ఇప్పటికీ పనికొస్తుంది. పట్టిక మాత్రం పక్కన పెట్టు. సోమవారం రాత్రి అలసిపోయి వచ్చి కాసేపు తోడేళ్ళని కొట్టి పడుకునేవాడే శనివారం పొద్దున కొండ వెనక ఏముందో వెతుకుతాడు. మనిషి ఒకడే.

సంక్రాంతికి వస్తున్నావు కదా, ఆ బావి క్వెస్ట్ బయట చూపించడానికి మీవాళ్ళు ఒప్పుకుంటే, ఎంత పచ్చిగా ఉన్నా సరే ఫోన్‌లో పెట్టుకుని రా. ముందు నాకు ఇవ్వకు, నాకు ఈ ఆటల అలవాటు ఎక్కువ. మీ పిన్నికి ఇవ్వు, ఆమె ఎప్పుడూ ఆడలేదు. పక్కన కూర్చో, ఒక్క మాట కూడా చెప్పకు, అది చాలా కష్టం, ఇటు నొక్కు పిన్నీ అని నోటిదాకా వస్తుంది. ఆమె ఎక్కడ ఆగిందో, ఎక్కడ ఫోన్ పక్కన పెట్టి పొయ్యి మీద పాలు చూడ్డానికి లేచిందో, తిరిగొచ్చి మళ్ళీ ఫోన్ తీసుకుందో లేదో రాసుకో. ఆ కాగితం పెట్టుకుని మనం కూర్చుందాం.

ఉంటాను,
మీ బాబాయి