చట్టం – సందేహం: గంజాయి కేసులో తూకం, కాగితాలు, బెయిలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం మాదక ద్రవ్యాల కేసుల గురించే ఉన్నాయి. రాసినవారిలో నిందితుల కంటే వారి తల్లిదండ్రులు, అన్నదమ్ములే ఎక్కువ. అందుకే ఈ సంచిక శీర్షిక మొత్తాన్ని ఆ ప్రశ్నలకే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి విశాఖపట్నంలో ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. మరో ఇద్దరితో కలిసి అద్దెకుంటున్న గదిలో కిలో ఎనిమిది వందల గ్రాముల గంజాయి దొరికిందని పోలీసులు ముగ్గురినీ అరెస్టు చేశారు. ఆ సంచి తనది కాదని మావాడు అంటున్నాడు. పదేళ్ల జైలు తప్పదని కొందరు భయపెడుతున్నారు. డబ్బు సర్దితే కేసు తేలిక చేయిస్తానని ఒకాయన మా ఇంటి చుట్టూ తిరుగుతున్నాడు. మేం ఏం చేయాలి?
– ఒక తల్లి, అనకాపల్లి

జవాబు: అమ్మా, ముందుగా ఆ వ్యక్తికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. ఎఫ్‌ఐఆర్ నమోదై, నిందితులను కోర్టులో హాజరుపరిచాక కేసును బయటివాళ్లెవరూ తేలిక చేయలేరు. ఇచ్చిన డబ్బు పోవడమే కాకుండా, లంచం ఇవ్వజూపారన్న కొత్త ఆరోపణ మీ మెడకు చుట్టుకునే ప్రమాదం ఉంది. ఆ డబ్బును మంచి న్యాయవాదికీ, కాగితాల నకళ్లకూ ఖర్చు పెట్టండి.

పదేళ్లు తప్పదన్న మాట నిజం కాదు. మాదక ద్రవ్యాలను నియంత్రించే 1985 నాటి చట్టంలో (అందరూ ఎన్‌డీపీఎస్ చట్టం అంటారు) 2001లో చేసిన సవరణ తర్వాత శిక్ష ప్రధానంగా తూకం మీద ఆధారపడి ఉంటుంది. గంజాయి విషయంలో కిలో వరకు ‘స్వల్ప పరిమాణం’. దానికి ఏడాది వరకు కఠిన కారాగారం, లేదా పది వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. 20 కిలోలు దాటితే ‘వాణిజ్య పరిమాణం’. దానికి పదేళ్లకు తగ్గని, ఇరవై ఏళ్లకు మించని జైలు, లక్ష నుంచి రెండు లక్షల రూపాయల జరిమానా. మీ అబ్బాయి కేసు ఈ రెంటికీ మధ్యలోది. ఇక్కడ పదేళ్లన్నది గరిష్ఠ శిక్ష మాత్రమే, కనీస శిక్షంటూ ఏదీ లేదు. జరిమానా లక్ష వరకు ఉండవచ్చు. బెయిలుకు కూడా వాణిజ్య పరిమాణం కేసుల్లో ఉండే కఠిన షరతులు వర్తించవు. విద్యార్థి కావడం, పాత కేసులు లేకపోవడం, స్థిరమైన చిరునామా ఉండటం వంటి మామూలు అంశాలను కోర్టు చూస్తుంది.

అయితే ఆ కిలో ఎనిమిది వందల గ్రాములు ఎలా తేలిందన్నదే మొదట అడగవలసిన ప్రశ్న. చట్టం దృష్టిలో గంజాయి అంటే ఆ మొక్క పూత, కాయ కొనలు. ఆ కొనలు లేకుండా విడిగా ఉన్న ఆకులు, గింజలు ఆ నిర్వచనంలోకి రావు. పంచనామాలో ‘ఆకులు, కాడలతో కూడిన పదార్థం’ అని రాశారా, పూత కొనలు ఉన్నట్టు రాశారా, సంచి బరువు తీసేశారా, తడిగా ఉన్నప్పుడు తూచారా అన్నది ఒక్కో మాటా చదివి చూడాలి. తూకం కిలో లోపలికి వస్తే కేసు స్వరూపమే మారిపోతుంది. ఎఫ్‌ఐఆర్, స్వాధీన పంచనామా, రిమాండ్ రిపోర్టు (నిందితుణ్ని కస్టడీకి పంపమని పోలీసులు కోర్టుకిచ్చే నివేదిక), ఈ మూడింటి నకళ్లు ఈ వారంలోనే మీ చేతికి రావాలి. వాటిలో తేదీలు, వేళలు, బరువులు ఒకదానితో ఒకటి సరిపోతున్నాయో లేదో న్యాయవాది పక్కపక్కన పెట్టి చూస్తారు. నా అనుభవంలో ఈ కేసులు గెలిచినా ఓడినా చాలావరకు ఆ పోలికలోనే.

సంచి ఎవరిదన్న ప్రశ్నకు వద్దాం. ఈ చట్టంలోని 35, 54 సెక్షన్లు నిందితుడికి వ్యతిరేకంగా కొన్ని విషయాలను ముందే ఊహించుకోవడానికి కోర్టుకు వీలిస్తాయి. అంతమాత్రాన నిర్దోషినని మీవాడే మొదటి నుంచీ రుజువు చేసుకోవాలని కాదు. సరుకు అతని ఎరుకలో, అతని అధీనంలో ఉందనే పునాది విషయాలను ప్రాసిక్యూషన్ (కేసు నడిపే ప్రభుత్వ పక్షం) ముందుగా రుజువు చేయాలని 2008లో నూర్ ఆగా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ముగ్గురున్న గదిలో సంచి ఎవరి మంచం కింద ఉంది, ఏ అలమరలో ఉంది, దానికి తాళం ఉంటే తాళంచెవి ఎవరి దగ్గర ఉంది అన్నవి అందుకే ముఖ్యం. గది అద్దె ఒప్పందం, ఆ రోజు మీ అబ్బాయి కాలేజీలో ఉన్నాడని చూపే హాజరు పట్టీ ఉంటే వెంటనే భద్రపరచండి.

సోదా జరిగిన తీరు కూడా చూడాలి. ముందస్తు సమాచారంతో ఇంట్లోకో గదిలోకో వెళ్లేటప్పుడు ఆ సమాచారాన్ని రాతపూర్వకంగా నమోదు చేసి, 72 గంటల్లోగా పై అధికారికి పంపాలని సెక్షన్ 42 చెబుతోంది. సూర్యాస్తమయం తర్వాత వారంటు లేకుండా వెళ్లవలసి వస్తే అందుకు కారణాలు రాసి పెట్టాలి. ఒంటి మీద సోదా చేసేటప్పుడైతే, గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేటు సమక్షంలో సోదా కోరే హక్కు ఉందని నిందితుడికి ముందుగా చెప్పాలి. ఇది సెక్షన్ 50. చేతిసంచికీ గదికీ ఇది వర్తించదని 2023లో సుప్రీంకోర్టు మరోసారి స్పష్టం చేసింది. కాబట్టి మీ కేసులో సెక్షన్ 50 మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు.

మరొక మాట. పోలీసుల ముందు ‘ఒప్పుకున్నాడు’ అని రిమాండ్ రిపోర్టులో ఉందని గుండె చెదరకండి. పోలీసు అధికారికి ఇచ్చిన నేరాంగీకారాన్ని నిందితుడికి వ్యతిరేకంగా సాక్ష్యంగా వాడకూడదు. ఈ చట్టం కింద అధికారాలున్న ఇతర శాఖల అధికారులు సెక్షన్ 67 ప్రకారం రాసుకున్న ఒప్పుకోలుకూ అదే సూత్రం వర్తిస్తుందని 2020 అక్టోబరులో తోఫాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. అరెస్టుకు కారణాలను నిందితుడికి అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా ఇవ్వాలని కూడా 2025లో అదే కోర్టు చెప్పింది. ఆ కాగితం మీ అబ్బాయికి ఇచ్చారో లేదో అడగండి.

న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేకపోతే సిగ్గుపడకండి. కస్టడీలో ఉన్న ఎవరికైనా, ఆదాయంతో నిమిత్తం లేకుండా, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఏర్పాటు చేయాలి. 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

ప్రశ్న: మా తమ్ముడు లారీ డ్రైవరు. చింతపల్లి వైపు నుంచి కూరగాయల లోడుతో వస్తుండగా, బస్తాల అడుగున 140 కిలోల గంజాయి దొరికింది. ఏడు నెలలుగా జైల్లోనే ఉన్నాడు. బెయిలు రెండుసార్లు కొట్టేశారు. లారీ నాది, నెలనెలా ఫైనాన్సు కంతులు కడుతున్నాను. బండి ఇక రాదంటున్నారు, నిజమేనా?
– లారీ యజమాని, రాజమహేంద్రవరం

జవాబు: 20 కిలోలు దాటిన కేసులో బెయిలు ఎందుకు కష్టమో ముందు చెబుతాను. పబ్లిక్ ప్రాసిక్యూటర్ వాదన విన్న తర్వాత, నిందితుడు ఈ నేరం చేయలేదని నమ్మడానికి సహేతుకమైన ఆధారాలున్నాయనీ, బయటికి వస్తే మళ్లీ నేరం చేయడనీ కోర్టుకు నమ్మకం కలిగితేనే బెయిలు ఇవ్వాలని సెక్షన్ 37 చెబుతోంది. డ్రైవర్ల కేసుల్లో మొదటి షరతే అడ్డం వస్తుంది. సరుకు ఎవరు ఎక్కించారో, ఎక్కించేటప్పుడు అతను దగ్గరున్నాడో లేదో, వేబిల్లు ఎవరి పేరుతో ఉందో, ఫోన్ కాల్ వివరాలు ఏం చెబుతున్నాయో చూపితేనే ‘అతనికి తెలియదు’ అన్న మాటకు బలం వస్తుంది.

మీరు రాసిన ‘ఏడు నెలలు’ అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. ఇలాంటి కేసుల్లో అభియోగపత్రం (చార్జిషీటు) దాఖలు చేయడానికి గడువు 180 రోజులు. ప్రాసిక్యూటర్ దర్యాప్తు ప్రగతిని వివరిస్తూ, ఇంకా కస్టడీలో ఎందుకు ఉంచాలో ప్రత్యేక కారణాలతో నివేదిక ఇస్తే కోర్టు దాన్ని ఏడాది వరకు పొడిగించవచ్చు. పొడిగింపు లేకుండా గడువు దాటితే డిఫాల్ట్ బెయిలు నిందితుడి హక్కు అవుతుంది, దానికి సెక్షన్ 37 అడ్డు రాదు. కానీ ఆ హక్కు దానంతట అది అమలు కాదు. అభియోగపత్రం పడకముందే దరఖాస్తు పెట్టాలి. పడిన తర్వాత అడిగితే అవకాశం చేజారినట్టే. అందుకని ఈ ఉత్తరానికి జవాబు చదివిన రోజే న్యాయవాదిని అడగండి: అభియోగపత్రం ఏ తేదీన దాఖలైంది, గడువు పొడిగించారా, పొడిగిస్తే ఆ ఉత్తర్వు ఎక్కడ? ఎంతోమంది పేద డ్రైవర్లు, కూలీలు ఈ ఒక్క తేదీ ఎవరూ లెక్కపెట్టకపోవడం వల్లే ఏళ్ల తరబడి లోపలే ఉండిపోతున్నారు. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం.

అభియోగపత్రం సకాలంలోనే పడి ఉంటే, విచారణ విపరీతంగా ఆలస్యమవుతున్నప్పుడు సెక్షన్ 37 ఉన్నా బెయిలు ఇవ్వవచ్చని 2023లో మహమ్మద్ ముస్లిం కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట ముందుముందు పనికొస్తుంది. ఆ కేసులో నిందితుడు ఏడేళ్లకు పైగా జైల్లో ఉన్నాడని మరచిపోవద్దు. ఏడు నెలలకు ఆ తీర్పు సరిపోదు. నమూనాలు తీయడం మేజిస్ట్రేటు సమక్షంలో జరిగిందా అన్నది కూడా చూడండి. సెక్షన్ 52ఏ అదే కోరుతోంది. అయితే అది పాటించకపోయినంత మాత్రాన కేసు దానంతటదే కూలిపోదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి, ఆ లోపం వల్ల సరుకు గుర్తింపు మీదే అనుమానం వచ్చిందని వాదించగలగాలి.

లారీ విషయానికొస్తే, బండి ఇక రాదనడం సరికాదు. కేసు నడుస్తుండగా వాహనాన్ని తాత్కాలికంగా యజమానికి అప్పగించడానికి ఈ చట్టం అడ్డు చెప్పదని 2025 జనవరిలోనే విశ్వజిత్ డే కేసులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. తుది దశలో మాత్రం, మీకు తెలియకుండా, మీ ప్రమేయం లేకుండా ఇది జరిగిందనీ, తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నారనీ రుజువు చేసే భారం మీదే. లోడు బుక్ చేసిన కాగితాలు, జీపీఎస్ రికార్డు, డ్రైవరుతో మాట్లాడిన మెసేజీలు చెరిపేయకుండా ఉంచండి. ఒక ఇబ్బంది కూడా ఉంది. మీరిద్దరూ అన్నదమ్ములు కాబట్టి ‘నాకు తెలియదు’ అన్న మీ మాటను కోర్టు మరింత నిశితంగా చూస్తుంది. మీ ఇద్దరికీ వేర్వేరు న్యాయవాదులు ఉండటం మంచిది.

ప్రశ్న: మాది పాడేరు దగ్గర ఒక గూడెం. మా చిన్నాన్న పొలం గట్టున గంజాయి మొక్కలు ఉన్నాయని కేసు పెట్టారు. అవి వేసింది బయటి నుంచి వచ్చిన వ్యాపారి మనుషులు.
– ఒక విద్యార్థి, అల్లూరి సీతారామరాజు జిల్లా

జవాబు: సాగుకు పదేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. ఇక్కడ కూడా కనీస శిక్ష లేదు, సాగుకు తూకపు తరగతులూ లేవు. ఆ భూమి మీ చిన్నాన్న అధీనంలోనిదేనని ప్రాసిక్యూషన్ చూపాలి. అటవీ హక్కుల పట్టా, సర్వే చిత్రం, పంచనామాలో రాసిన హద్దులు, ఈ మూడూ కలుస్తున్నాయా అన్నదే కేసుకు ప్రాణం. కొండ వాలుల్లో హద్దులు తప్పుగా రాయడానికి అవకాశం ఎక్కువ. కానీ ఒక విషయం గూడెంలో అందరికీ చెప్పు బాబూ. తన భూమిలో ఇలాంటి మొక్కలున్నాయని తెలిసీ అధికారులకు చెప్పని భూమిదారుకు కూడా సెక్షన్ 46 కింద శిక్ష ఉంది. ‘వేసింది వాళ్లు, మాకెందుకు’ అని ఊరుకోవడం రక్షణ కాదు. ఆంధ్రప్రదేశ్‌లో మాదక ద్రవ్యాలను అరికట్టే పోలీసు విభాగం ‘ఈగల్’ 1972 నంబరుకు సమాచారం ఇవ్వవచ్చు.

ప్రశ్న: మా అబ్బాయికి ఇరవై ఏళ్లు. రెండేళ్లుగా గంజాయికి అలవాటు పడ్డాడు. ఆసుపత్రికి తీసుకెళ్తే పోలీసు కేసు అవుతుందేమోనని మా ఆవిడ ఒప్పుకోవడం లేదు.
– ఒక తండ్రి, వరంగల్

జవాబు: అయ్యా, తీసుకెళ్లండి. మత్తుకు బానిస కావడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వైద్యం అవసరమైన స్థితిగా గుర్తించింది. రోగి వివరాలను గోప్యంగా ఉంచడం వైద్యుల బాధ్యత. 14446 జాతీయ సహాయ నంబరు. హైదరాబాదులో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి కూడా వెళ్లవచ్చు.

గంజాయి సేవించడం నేరమే. సెక్షన్ 27 కింద ఆరు నెలల వరకు జైలు, లేదా పది వేల వరకు జరిమానా, లేదా రెండూ. అదే కొకైన్, హెరాయిన్ అయితే ఏడాది వరకు. ఒకవేళ సేవించినందుకో, స్వల్ప పరిమాణం దగ్గర ఉన్నందుకో కేసు పడినా, బానిస అయిన వ్యక్తి స్వచ్ఛందంగా ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్స తీసుకుంటే సెక్షన్ 64ఏ అతన్ని ప్రాసిక్యూషన్ నుంచి కాపాడుతుంది. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. ఈ సెక్షన్ గురించి చాలా కుటుంబాలకు తెలియదు, కోర్టులో అడిగేవారూ తక్కువ. మొదటి ప్రశ్న అడిగిన తల్లి గారికి మాత్రం ఇది పనికిరాదని చెప్పక తప్పదు, అక్కడ తూకం స్వల్ప పరిమాణాన్ని దాటింది. మీ ఇంట్లో ఇంకా ఏ కేసూ లేదు. చికిత్స చీటీలు మొదటి రోజు నుంచే దాచిపెట్టండి.

ప్రశ్న: నెల రోజుల్లో దుబాయి వెళ్తున్నాను. మా ఊరి వాళ్లు అక్కడున్న బంధువులకు పచ్చళ్లు, మందుల పొట్లాలు ఇమ్మంటున్నారు. తీసుకెళ్లవచ్చా?
– జగిత్యాల నుంచి

జవాబు: వేరేవాళ్లు కట్టి ఇచ్చిన పొట్లం ఏదీ తీసుకెళ్లకండి, ఎంత దగ్గరివారైనా సరే. ఇక్కడ మందుల దుకాణంలో దొరికే ట్రమడాల్, కోడీన్ కలిసిన దగ్గు మందు, ఆల్ప్రజోలం వంటివి అక్కడ నియంత్రిత మందులు. మీ సొంత వాడకానికైనా వైద్యుడి చీటీతో పాటు యూఏఈ ప్రభుత్వ ముందస్తు అనుమతి ఉండాలి. సౌదీ అరేబియాలో మాదక ద్రవ్యాల రవాణాకు మరణశిక్ష అమలవుతోంది. సంచిలో ఏముందో తెలియదని అక్కడి కోర్టులో నిరూపించుకోవడం చాలా కష్టం. ఎవరైనా అరెస్టయితే భారత దౌత్య కార్యాలయంతో మాట్లాడించమని మొదటే కోరాలి. ఇక్కడి కుటుంబం విదేశాంగ శాఖ వారి ‘మదద్’ పోర్టల్‌లో పాస్‌పోర్టు వివరాలతో ఫిర్యాదు నమోదు చేయాలి.