గ్రాఫీన్ సెన్సర్లు ఆసుపత్రికి ఎందుకు రాలేదు, ఎంటెక్ ప్రాజెక్టుకు పనికొస్తాయా?

మీరు అడిగినవి రెండు. ఒక్క చుక్క రక్తంతో నిమిషాల్లో గుండెపోటు పట్టేసే గ్రాఫీన్ (ఒకే వరసగా పేర్చిన కార్బన్ పరమాణువుల పలచని పొర) సెన్సర్ల మీద అన్ని పేపర్లు వస్తుంటే మన ఆసుపత్రుల్లో ఒక్కటీ ఎందుకు కనబడదు, దీన్ని ఎంటెక్ ప్రాజెక్టుగా పెట్టుకోవచ్చా అని. పీహెచ్‌డీలో నేను కుస్తీ పట్టింది వీటితోనే, ఇప్పుడు టెస్ట్ కిట్లు తయారుచేసే చోట పని చేస్తున్నాను కాబట్టి రెండు వైపులా చూశాను. నిక్షేపంగా పెట్టుకోండి, కానీ సెన్సిటివిటీ (ఎంత తక్కువ ఉన్నా పట్టే శక్తి) వెంట మాత్రం పడకండి.

లెక్క చూడండి. గుండె కండరం దెబ్బతింటే ట్రోపోనిన్ అనే ప్రోటీన్ రక్తంలోకి వస్తుంది. డాక్టర్లు వాడే హై సెన్సిటివ్ ట్రోపోనిన్-టి పరీక్షలో హద్దు లీటరుకు 14 నానోగ్రాములు, అంటే మిల్లీలీటరుకు 14 పికోగ్రాములు. గ్రాఫీన్ పేపర్లలో గొప్పగా రాసుకునే 1 ఫెమ్టోగ్రాము ఇందులో 14 వేలో వంతు. అంత కిందికి పోయి ఎవరిని ఉద్ధరించాలి? క్యాజువాలిటీలో జరిగేది వేరు. వచ్చినప్పుడొకసారి, గంటకో మూడు గంటలకో మరోసారి రక్తం తీసి విలువ ఎంత మారిందో చూస్తారు. మొదట 12, తర్వాత 20 వస్తే ఆ పెరిగింది పేషెంటులోనా, చిప్పులోనా? అందుకే ఆ హద్దు దగ్గర కొలతకూ కొలతకూ మధ్య తేడా 10 శాతం మించకూడదంటారు. ఒకే వేఫర్ (చిప్పులు చేసే సిలికాన్ బిళ్ల) మీద పక్కపక్కన చేసిన నా చిప్పులు ఆ మాట వింటే కదా.

అవి ఎలా తయారవుతాయో చూస్తే ఎందుకు వినవో అర్థమవుతుంది. వెయ్యి డిగ్రీల వేడిలో మీథేన్ పంపి రాగి రేకు మీద గ్రాఫీన్ పెంచుతాం, మందం 0.34 నానోమీటర్లు, అంటే ఒకే ఒక్క పరమాణువు వరస. దాని మీద పీఎంఎంఏ అనే ప్లాస్టిక్ పూసి ఫెర్రిక్ క్లోరైడ్‌లో వేస్తే రాగి కరిగిపోయి పైన పొర మీగడలా తేలుతుంది. శుభ్రమైన నీళ్లలోకి మార్చి, సిలికాన్ ముక్కను ఏటవాలుగా కిందికి పోనిచ్చి దాన్ని ఎత్తుకోవాలి. గట్టిగా ఊపిరి వదిలినా పక్కకు జారిపోతుంది. ఎలాగో ఎత్తాక ముడతలు, చిరుగులు, అసిటోన్‌తో ఎంత కడిగినా వదలని పీఎంఎంఏ జిడ్డు. గేట్ వోల్టేజీ (గ్రాఫీన్‌లో కరెంటును అదుపు చేసే వోల్టేజీ) మారుస్తూ కరెంటు కొలిస్తే గ్రాఫు ఇంగ్లీషు వీ అక్షరంలా వస్తుంది. ఆ అడుగు కొనను డిరాక్ పాయింట్ అంటాం, అది ఎటు జరిగిందో చూసి ప్రోటీన్ అతుక్కుందని చెప్తాం. తమాషా ఏంటంటే, ఉత్త బఫర్ (ప్రోటీన్ ఏమీ లేని ఉప్పు ద్రావణం) చుక్క వేసి కూర్చున్నా అది మెల్లగా జరుగుతూనే ఉంటుంది!

ఇక అసలు తలనొప్పి ఉప్పు. రక్తంలో ఉండే అయాన్లు ఏ ఛార్జీనైనా ఒక నానోమీటరు లోపే కప్పేస్తాయి, ఆ దూరాన్నే డిబై పొడవు అంటారు. ట్రోపోనిన్‌ను పట్టుకోవడానికి గ్రాఫీన్ మీద అతికించే యాంటీబాడీయేమో దాదాపు 10 నానోమీటర్లు. దాని చివర పట్టుకున్న ట్రోపోనిన్ ఛార్జీ గ్రాఫీన్ దాకా సరిగ్గా చేరనే చేరదు. అందుకని ఉప్పు తగ్గేలా బఫర్‌ను బాగా పలచన చేసి కొలిచి, ఆ అంకెను పేపర్ మొదట్లోనే పెడతారు. 2020లో కొరియా బృందం చేసిన కోవిడ్ సెన్సర్ మంచి పనే, కానీ వాళ్ల అంకెలే చూడండి: మామూలు బఫర్‌లో మిల్లీలీటరుకు 1 ఫెమ్టోగ్రాము, స్వాబ్ వేసి పంపే ద్రవంలో 100. ద్రవం మారితేనే వంద రెట్లు పోయింది, అదింకా రక్తం కూడా కాదు.

దారులు లేవని కాదు. యాంటీబాడీకి బదులు పొట్టిగా ఉండే ఆప్టమర్లు (డీఎన్‌ఏ లేదా ఆర్‌ఎన్‌ఏ ముక్కలు) వాడొచ్చు. మేం తిట్టుకునే ఆ ముడతలనే 2020లో అమెరికాలోని ఇలినాయ్‌లో రషీద్ బషీర్ బృందం కావాలని పెట్టి, ఆ వంపుల్లో డిబై పొడవు పెరుగుతుందని చూపించింది. మోలిబ్డినం డైసల్ఫైడ్ అనే మరో పలచని పదార్థం కూడా ఉంది, గ్రాఫీన్‌లో కరెంటు పూర్తిగా ఆగదు, ఇందులో ఆపొచ్చు. 2014లో కాలిఫోర్నియా యూనివర్సిటీ, శాంటా బార్బరా వాళ్లు దీని సెన్సిటివిటీ గ్రాఫీన్ కంటే 74 రెట్లు ఎక్కువని చెప్పారు. అయినా ఉప్పు బాధ దానికీ తప్పదు.

ప్రాజెక్టుకైతే నా సలహా, ప్రోటీన్ జోలికి పోకుండా డీఎన్‌ఏ తీసుకోండి. ఛార్జీ ఎక్కువ, పైగా గ్రాఫీన్‌కు దగ్గరగా ఉంటుంది. 2019లో వచ్చిన క్రిస్పర్-చిప్ (జన్యువును గుర్తుపట్టే క్రిస్పర్ ప్రోటీన్‌ను గ్రాఫీన్ మీద పెట్టిన సెన్సర్) అలాంటిదే, డీఎన్‌ఏ కాపీలు పెంచే పని లేకుండా 15 నిమిషాల్లో మ్యుటేషన్ (జన్యువులో మార్పు) పట్టింది. కాలేజీలో క్లీన్‌రూమ్ (చిప్పులు చేసే దుమ్ములేని ల్యాబ్) లేకపోతే ఐఎన్‌యూపీ అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద ఐఐఎస్‌సీ, ఐఐటీ బాంబే లాంటి చోట్ల బయటివాళ్లకూ అవకాశమిస్తారు, ముందే అప్లై చేసుకోండి. బఫర్‌లో అందమైన గ్రాఫు వచ్చేదాకా ఆగకుండా, మీకు కావలసిన డీఎన్‌ఏ కలపని ఉత్త సీరంను (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) మొదటి నెలలోనే చిప్పు మీద వేసి చూడండి. అప్పుడు డిరాక్ కొన ఎంత కదిలిందో రాసిపెట్టుకుంటే, డీఎన్‌ఏ లేకపోయినా కొన కదలదా అని వైవాలో ఎక్స్‌టర్నల్ అడిగే మొదటి ప్రశ్నకు జవాబు మీ దగ్గర ఉంటుంది.